ఒక్క ‘ఫెయిల్యూర్’ మాటతో తూకం వేసిన డిక్షనరీ

పోయిన ఏడాది దసరా ముందు విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల వెంట తిరుగుతుంటే ఒక లావుపాటి ఇంగ్లీష్-ఇంగ్లీష్ డిక్షనరీ కంటపడింది. ఇంగ్లీష్ ఇంటి భాష కానివాళ్ల కోసం చేస్తారే, లెర్నర్స్ డిక్షనరీ అని, ఆ రకం. 350 చెప్పాడు, బేరమాడితే 280కి ఇచ్చాడు. అప్పట్నుంచి నా బల్ల మీదే ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకం డిక్షనరీలు నాలుగైదు కంపెనీలవి ఉన్నాయి, పద్ధతి అన్నిట్లో దాదాపు ఒకటే, నేను చెప్పేది ఆ పద్ధతి గురించే. నా పని అనువాదం. ఆసుపత్రుల కరపత్రాలు, బ్యాంకు నోటీసులు, రైతులకిచ్చే బీమా కాగితాలు ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి మారుస్తాను. కాబట్టి ఇది సరదాగా తిరగేసి రాసిన రివ్యూ కాదు, ఏడాది పైగా అన్నం పెట్టిన వస్తువు గురించి రాస్తున్నది.

డిక్షనరీ మంచిదో కాదో చూడ్డానికి చాలామంది ఎవరికీ తెలియని మాటలు వెతుకుతారు. నేను అందరికీ తెలుసనుకునే మాట ఒకటి వెతుకుతాను. ఈసారి ‘ఫెయిల్యూర్’. కావాలనే ఎంచుకున్నాను, ఎందుకంటే నా దగ్గరికొచ్చే కాగితాల్లో ఈ మాట లేనిది తక్కువ, దీన్ని తప్పుగా దించితే నష్టపోయేది చదివేవాళ్లు.

అసలు మనకి ఇది పరాయి మాటలా అనిపించదు. పరీక్ష ఫెయిల్, బ్రేకులు ఫెయిల్, కిడ్నీలు ఫెయిల్, లవ్ ఫెయిల్యూర్. బడికెళ్లని మా నాయనమ్మ కూడా ‘బోరు ఫెయిలైంది’ అనేది. మాట్లాడేటప్పుడు ఇన్ని చోట్ల ఇంత సులువుగా వాడేస్తాం, పెన్ను పట్టుకునేసరికి మాత్రం అందరం ఒకటే ముద్ర కొడతాం, ‘వైఫల్యం’ అని. గుండె వైఫల్యం, విద్యుత్ వైఫల్యం, పంట వైఫల్యం, చెల్లింపు వైఫల్యం. ఫోన్లో ఉండే అనువాదం యాప్‌లు కూడా నా అనుభవంలో ఎక్కువగా ఇదే ముద్ర కొడుతున్నాయి.

దాని వల్ల ఏమవుతుందో మా పెద్దమ్మ దగ్గర చూశాను. తెనాలిలో ఉంటుంది, 71 ఏళ్లు. ఆయాసం, కాళ్ల వాపు అని ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి పంపించారు. డిశ్చార్జి కాగితం మీద ‘హార్ట్ ఫెయిల్యూర్’ అని ఉంది. మా తమ్ముడు, అంటే పెద్దమ్మ కొడుకు, దాన్ని ఫోన్తో ఫొటో తీసి యాప్‌లో పెడితే ‘గుండె వైఫల్యం’ అని వచ్చింది. వాడు దాన్ని వాళ్లమ్మకి ఇంకాస్త తేలిక చేసి చెబుదామని ‘గుండె ఆగిపోవడం అంట’ అన్నాడు. ఆ రాత్రి పెద్దమ్మ అన్నం ముట్టలేదు. నేను పొద్దున బస్సు దిగి వెళ్లేసరికి బీరువా తాళాలు కోడలి చేతికిచ్చేసి మంచం మీద కూర్చుని ఉంది.

‘ఏమ్మా, ఆగిపోయిన గుండెతో ఎన్నాళ్లుంటారు?’ అని నన్ను అడిగింది.

డిక్షనరీ నాతో లేదు, కానీ ఆ పేజీ నాకు గుర్తుంది. యంత్రాలు, శరీర భాగాల అర్థం దగ్గర అది చెప్పే మాట ‘ఆగిపోవడం’ కాదు, ‘పనిచేయాల్సినట్టు పనిచేయకపోవడం’. ఆ రెండింటి మధ్య తేడా ఒక ప్రాణమంత. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఒంటికి కావాల్సినంత రక్తాన్ని పంపు చేయలేకపోవడం. గుండె కొట్టుకోవడం ఆగిపోతే దాన్ని కార్డియాక్ అరెస్ట్ అంటారు. గుండెకి రక్తం అందించే నాళం మూసుకుపోతే అది హార్ట్ ఎటాక్. మూడూ వేరు. పెద్దమ్మకి పొలం భాషలో చెప్పాను. ‘మోటారు ఆగలేదు పెద్దమ్మా, నీళ్లు తోసే బలం తగ్గింది, అందుకే కాళ్లలో నీరు దిగుతోంది. మందులు వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి, రెండు మూడు రోజుల్లో గబుక్కున పెరిగితే డాక్టరు గారికి చెప్పాలి.’ ఇవి నా సొంత మాటలు కావు, అదే డిశ్చార్జి కాగితం రెండో పేజీలో ఉన్నాయి, మొదటి పేజీలోని ఆ ఒక్క మాట దగ్గరే అందరూ ఆగిపోయారు. పెద్దమ్మ కాసేపు నా మొహంలోకి చూసి, ‘మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా’ అని ఇడ్లీ పెట్టమంది.

ఆ తర్వాత నుంచి ఆసుపత్రి కరపత్రాల్లో నేను ‘గుండె వైఫల్యం’ అని రాయడం మానేశాను. ‘గుండె పంపింగ్ బలం తగ్గడం (హార్ట్ ఫెయిల్యూర్)’ అని రాస్తున్నాను. చోటు ఎక్కువ పడుతుందని డిజైన్ వాళ్లు గొణుగుతారు, అయినా సరే.

ఇక డిక్షనరీ విషయానికొస్తే, ఆ మాట కింద ఉన్నది ఒక కాలమ్‌లో సగం కూడా కాదు. కానీ పొందిక చూడండి. అనుకున్నది సాధించలేకపోవడం అనేది ఒక అర్థం, దాని పక్కన ‘యు’ అనే చిన్న అక్షరం, అంటే లెక్కపెట్టలేని నామవాచకం అని. అలా అయిన పని లేదా మనిషి అనేది ఇంకో అర్థం, దాని పక్కన ‘సి’, అంటే లెక్కపెట్టగలిగేది, ముందు ‘ఎ’ పెట్టాలి అని. తర్వాత యంత్రాలు, అవయవాలు. తర్వాత వ్యాపారం మూతపడటం, మనం దివాలా తీయడం అంటామే అది. తర్వాత పంట. వీటి మధ్యలో, అంత ముఖ్యం కానట్టు కనిపించే చోట, ‘ఫెయిల్యూర్ టు’ అని ఒక అర్థం ఉంది. 280 రూపాయలూ ఆ ఒక్క ముక్కకే ఇచ్చినా నాకు గిట్టుబాటే.

దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ‘ఫెయిల్యూర్’ తర్వాత ‘టు’ వచ్చి ఒక క్రియ వస్తే, ప్రయత్నించి ఓడిపోవడం అనే అర్థం అక్కడ ఉండనక్కర్లేదు. చేయాల్సిన పని చేయలేదు, అంతే. ప్రయత్నించాడో లేదో ఆ మాట చెప్పదు. కానీ మన పత్రికా తెలుగులో ‘సమాచారం ఇవ్వడంలో విఫలమయ్యారు’ అని రాస్తే, పాపం ఇద్దామని చాలా చూశారు కానీ కుదరలేదు అన్నట్టు వినిపిస్తుంది. అసలు సంగతి ‘సమాచారం ఇవ్వలేదు’. అంతకన్నా ఒక్క అక్షరం అక్కర్లేదు.

మా వీధిలో ఆటో నడుపుకునే ఒకాయనకి ఇంటి లోను మీద బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద పంపేది, 60 రోజుల్లో బాకీ కట్టమని అడుగుతుంది, కట్టకపోతే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకి వస్తుంది. ఎవరో చేసిన తెలుగు అనువాదం దానికి పిన్ను కొట్టి ఉంది. ‘నిర్ణీత గడువులోగా చెల్లింపు జరుపుటలో వైఫల్యం చెందిన యెడల’ అని మొదలై, క్రియ దగ్గరికి వచ్చేసరికి అయిదు లైన్లు. ఆయన పదో తరగతి చదివినవాడు, తెలుగు పేపరు రోజూ చదువుతాడు, అయినా రెండుసార్లు చదివి నా దగ్గరికి తెచ్చాడు. ‘మేడం, ఇది కట్టమంటుందా, టైము ఇస్తుందా?’ అని అడిగాడు. నోటీసు వెనక ఖాళీలో పెన్సిల్‌తో ‘60 రోజుల్లో కట్టకపోతే’ అని రాసి చూపించాను. తేదీ లెక్కపెట్టుకున్నాడు, అప్పటికి 17 రోజులు అయిపోయాయి. మర్నాడే బ్రాంచికి వెళ్లాడు.

‘కట్టకపోతే’ అన్న ఒక్క మాటలో ఆ ఇంగ్లీష్ పదబంధం మొత్తం ఇమిడిపోయింది చూశారా. ఇంగ్లీష్‌కి నామవాచకం కావాల్సిన చోట తెలుగుకి క్రియే చాలు. హాజరు కాకపోవడం, చెప్పకపోవడం, సంతకం పెట్టకపోవడం. పైగా మనకి ఇంకో సౌకర్యం ఉంది, ఇంగ్లీష్ మాటలో అది లేదు. ‘కట్టకపోవడం’ వేరు, ‘కట్టలేకపోవడం’ వేరు, ‘ఎగ్గొట్టడం’ వేరు. మొదటిది జరిగింది మాత్రమే చెబుతుంది, రెండోది మనిషి ఇబ్బంది చెబుతుంది, మూడోది వాడి బుద్ధి చెబుతుంది. ఇంగ్లీష్ నోటీసులో మూడూ ‘ఫెయిల్యూర్ టు పే’ కిందే ఉంటాయి. అనువాదం చేసేవాళ్లు ఎక్కడ ఏది పెట్టాలో ఆలోచించి పెట్టాలి, నోటీసులో ‘కట్టలేకపోతే’ అని రాయకూడదు, ‘ఎగ్గొడితే’ అని అసలు రాయకూడదు. ఈ ఆలోచన నాకు డిక్షనరీ చెప్పలేదు, దానికి తెలుగు రాదు. కానీ ‘టు’ని విడిగా తీసి అది వేరే అర్థం అని చూపించింది కాబట్టే నేను ఆగి ఆలోచించాను.

‘సి’, ‘యు’ గుర్తుల సంగతి కూడా చిన్నదేం కాదు. మా మేనకోడలికి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ పోయింది. నూటికి 35 వస్తే పాసు, దానికి తక్కువ వచ్చాయి. ఫలితాలొచ్చిన సాయంత్రం నాకు ఇంగ్లీష్‌లో మెసేజ్ పెట్టింది, ‘అత్తా, ఐ యామ్ ఎ ఫెయిల్యూర్’ అని. వెంటనే వాళ్లింటికి వెళ్లాను, ఈసారి పుస్తకం సంచిలో వేసుకుని వెళ్లాను. పక్కన కూర్చోబెట్టుకుని ఆ ‘సి’ అక్షరం మీద వేలు పెట్టి చూపించాను. ముందు ‘ఎ’ పెట్టి మనిషికి తగిలిస్తే ఆ మాట ఒక పరీక్ష గురించి కాదు, మొత్తం మనిషి గురించి అవుతుంది. నువ్వు చెప్పదలుచుకున్నది ‘ఐ ఫెయిల్డ్ ఫిజిక్స్’. మనవాళ్లు ‘ఫెయిల్డ్ ఇన్ ఫిజిక్స్’ అంటారు, ఆ ‘ఇన్’ అక్కర్లేదు. మరి ఇంట్లో అమ్మకి తెలుగులో ఏమని చెప్పావే అంటే, ‘ఫిజిక్స్ పోయిందమ్మా అన్నాను’ అంది. అదిగో, తెలుగులో పోయింది ఫిజిక్సు, పిల్ల కాదు. ‘నాకు లెక్కలు పోయాయి’, ‘వాడికి ఇంగ్లీష్ పోయింది’, మన వాక్యంలో పోయే వస్తువు ఎప్పుడూ సబ్జెక్టే. కాలేజీ పిల్లలు ‘డింకీ కొట్టాను’ అంటారు, ఇంజినీరింగ్ వాళ్లు ‘రెండు సప్లీలున్నాయి’ అంటారు. ‘పరీక్ష తప్పాడు’ అంటే కూడా తప్పినంత వరకే. మనిషినే పట్టుకుని ఫెయిల్యూర్ అనడం మనం ఇంగ్లీష్ నుంచి తెచ్చుకున్న అలవాటు. వ్యాకరణం పాఠంతో ఏడుపు ఆగుతుందని నేను వెళ్లలేదు, కానీ ఆ పిల్ల ఆ పేజీని చాలాసేపు చూసింది. మర్నాడు సప్లిమెంటరీకి ఫీజు కట్టింది.

పంట దగ్గర మాత్రం ఈ డిక్షనరీ నన్ను నిరాశపరిచింది. ఒక అర్థం, ఒక ఉదాహరణ, అంతే. నిజానికి ఇది చాలా లోతైన చోటు. మన దగ్గర ‘క్రాప్ ఫెయిల్యూర్’ అని ఒకటే మాట లేదు, ఏ దశలో పోయిందో చెప్పే మాటలున్నాయి. వాన లేక విత్తలేకపోవడం ఒకటి. విత్తినా మొలక రాకపోవడం ఒకటి. మొలిచి ఎండిపోవడం, పూత రాలిపోవడం, గింజ పాలు పోసుకోక తాలు పోవడం, కోతకొచ్చి తుఫానులో నేలవాలడం. 2016లో మొదలైన ఫసల్ బీమా పథకం కాగితాలు తిరగేస్తే అందులోనూ విత్తలేకపోవడం వేరు, నిలబడి ఉన్న పంట దెబ్బతినడం వేరు, కోసి పొలంలో ఆరబెట్టింది తడవడం వేరు. అన్నిటికీ ‘పంట వైఫల్యం’ అని రాస్తే రైతు ఏ గడిలో టిక్కు పెట్టాలి? ఇంకోటి, బోరు ఫెయిల్ కావడం, నీళ్లు పడకపోవడం గానీ పడ్డ నీళ్లు ఎండిపోవడం గానీ, ఆ అర్థంలో ఉదాహరణే లేదు.

వానల గురించి కూడా. 1876లో దక్షిణాదిలో మహా కరువు తెచ్చిన వానల కొరతని ఇంగ్లీష్‌లో ‘ఫెయిల్యూర్ ఆఫ్ ది మాన్సూన్’ అని చెబుతారు. రాయలసీమలో ఆ కరువుని ఆ తెలుగు సంవత్సరం పేరుతోనే ధాత కరువు అన్నారు, ఇప్పటికీ అంటారు. వానలు మొహం చాటేశాయి, వాన మోసం చేసింది అనే మాటలు ఇవాళ్టికీ ఏ ఊళ్లోనైనా వినిపిస్తాయి. నాకు ఒళ్లు జలదరించిన సంగతి ఏంటంటే, ‘ఫెయిల్యూర్’ మాట మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఫ్రెంచ్ మీదుగా లాటిన్‌లో ‘ఫాలెరె’ దగ్గర తేలుతుంది, ఆ మాటకి అర్థం మోసం చేయడం, నమ్మించి వదిలేయడం. ఫాల్స్, ఫాల్ట్, బ్యాంకు వాళ్లు వాడే డిఫాల్ట్, ఇవన్నీ ఆ కుటుంబమే. లాటిన్ ముక్క తెలియని మన రైతు సరిగ్గా అక్కడికే చేరాడు. ఈ మూలం సంగతి మాత్రం నా డిక్షనరీలో లేదు, ఇంటర్నెట్‌లో వెతుక్కున్నాను. ఉండి ఉంటే బాగుండేది.

మిగతా లోపాలు గబగబా చెప్పేస్తాను. ‘లవ్ ఫెయిల్యూర్’ లేదు. అది ఇంగ్లీష్ వాళ్లు వాడని మాట, మనం వాడేది. కనీసం ఇక్కడివాళ్ల వాడుక అని ఒక గుర్తు వేసి పెట్టొచ్చు, లేకపోతే పిల్లలు ఇంటర్వ్యూలో అదే మాట వాడి అవతలివాళ్లకి అర్థంకాక ఇబ్బంది పడతారు. అక్షరాలు మరీ చిన్నవి, నలభై దాటినవాళ్లకి అద్దాలున్నా కష్టమే. ఉచ్చారణ గుర్తులు నేర్చుకుంటే తప్ప అర్థం కావు, ముందు పేజీల్లో పట్టిక ఉంది కానీ దాన్ని ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. వెనక అట్టలో సీడీ ఉంది, నా లాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. బైండింగ్ మూడో నెలకే ఊడితే మా వీధి చివర బైండింగ్ ఆయన 60 రూపాయలు తీసుకుని గుడ్డ అంటించి కుట్టాడు, ఇప్పుడు కొత్తదానికన్నా గట్టిగా ఉంది.

‘ఫోన్లో అన్నీ ఉన్నాయిగా, ఈ బరువెందుకు’ అని నన్ను చాలామంది అడిగారు. ఫోన్ నేనూ వాడతాను. తెలుగు మాటలు కావాలంటే ఆంధ్రభారతి సైట్ తెరుస్తాను, చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, 1850ల్లో అచ్చయిన బ్రౌన్ దొర నిఘంటువుతో సహా, పైసా ఖర్చు లేదు, దాన్ని నిలబెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి. కానీ పని వరస ఇది: ముందు లెర్నర్స్ డిక్షనరీలో ఈ వాక్యంలో ఉన్నది ఏ అర్థమో తేల్చుకోవాలి, తర్వాతే తెలుగు మాట కోసం వెతకాలి. వరస తిరగబడితే మొదట కనిపించిన తెలుగు మాట చేతికొస్తుంది, అదే ‘వైఫల్యం’. యాప్‌లో వాక్యం పెట్టగానే జవాబు వచ్చేస్తుంది, మధ్యలో ఆగే చోటు ఉండదు. ఈ పుస్తకంలో ఆగక తప్పదు, వేలితో కిందికి దిగుతూ ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ వెళ్లాలి.

ఒకసారి అలా దిగిన తర్వాత తెలుగులో మాటలకి కొదవే లేదు. మెషిన్ అయితే మొరాయించింది. పథకం అయితే బెడిసికొట్టింది, నీరుగారింది. ఎత్తు పారలేదు. మందు వికటించింది. సినిమా బోల్తా కొట్టింది (దీనికి ఫ్లాప్ అనే అంటారు అందరూ, డిక్షనరీలో దానికి వేరే చోట మంచి వివరణే ఉంది). కంపెనీ దివాలా తీసింది. కరెంటు పోయింది. ‘నిఘా వైఫల్యం’ లాంటి చోట్ల వైఫల్యమే సరైన మాట, నేను దాన్ని అసలే వాడొద్దనడం లేదు. వాడాల్సిన చోట వాడితే దానికి బరువుంటుంది.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. పంట దగ్గర అర మార్కు, మన వాడుకలు లేనందుకు అర మార్కు తగ్గించాను. అనువాదం చేసేవాళ్లు, ఇంగ్లీష్ మాస్టార్లు, డిగ్రీ పిల్లలు తప్పకుండా కొనుక్కోవచ్చు. ఆరేడు తరగతుల పిల్లలకి ఇది వద్దు, వాళ్లకి తెలుగు అర్థాలున్న చిన్నది కొనండి. కొత్తది కొంటే ఎక్కువే అవుతుంది, పాత పుస్తకాల కొట్టులో ఒక ఎడిషన్ వెనకది తీసుకున్నా ఏం నష్టం లేదు, ‘ఫెయిల్యూర్’ లాంటి మాటలు పదేళ్లలో మారిపోవు. కొనేముందు పేజీలు చిరిగాయేమో వెలుతుర్లో చూసుకోండి, ఎఫ్ అక్షరం తీసి ఈ మాట దగ్గర ‘టు’ విడిగా ఇచ్చారో లేదో చూడండి. అది లేనిదైతే ఎంత తక్కువకి ఇచ్చినా పక్కన పెట్టి ఇంకోటి అడగండి.